ఫ్రంట్ లోడ్ మెషీన్‌కి బోల్టులు, ఆవకాయకి డబ్బాలు

విజయవాడ నుంచి హైదరాబాద్‌కి మారుతున్నాం, ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్, ఆవకాయ జాడీ లారీలో ఎలా పంపాలి అని అడిగారు కదండీ.

మెషీన్‌కి ట్రాన్సిట్ బోల్టులు తప్పనిసరి. కొన్నప్పుడు వెనకనుంచి విప్పి ఇచ్చిన పొడవాటి బోల్టులు, చాలా మోడళ్లకి నాలుగు ఉంటాయి, అవి వెతకండి. లోపలి డ్రమ్ము స్ప్రింగులకి వేలాడుతుంటుంది. బోల్టులు లేకపోతే రోడ్డు గతుకులకి ఊగి ఊగి స్ప్రింగులూ, కింది షాక్ అబ్సార్బర్లూ దెబ్బతింటాయి. డ్రమ్ములో దుప్పట్లు కుక్కితే సరిపోతుందంటారు, సరిపోదు, ఊగేది డ్రమ్మే. దొరక్కపోతే మోడల్ నంబరు చెప్పి సర్వీస్ సెంటర్‌లో అడగండి.

కుళాయి కట్టేసి, పైపులు విప్పి, కింద ఫిల్టర్ మూత కొద్దికొద్దిగా తిప్పుతూ నీళ్లు పళ్లెంలోకి వంపేయండి. వెనక ప్లాస్టిక్ మూతలు పీకి ఆ రంధ్రాల్లోనే బోల్టులు గట్టిగా బిగించండి. లారీలో నిలువుగానే ఉండాలి. అక్కడ దించాక బోల్టులు తీయకుండా మాత్రం ఆన్ చేయకండి.

ఆవకాయ జాడీలో ఉంచి పంపొద్దు. ఎంత గట్టిగా వాసెన కట్టినా కుదుపులకి నూనె గుడ్డలోంచి కారుతుంది. పొడి గరిటెతో మరమూత డబ్బాల్లోకి తీసి, పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి, కవర్లో కట్టి మీతోపాటే తీసుకెళ్లండి. ఖాళీ జాడీని పాత నూలు చీరలో చుట్టి, మూతని విడిగా సర్దండి.