కీర్తనకి, వాక్యం చెప్పబోయే ముందు

కీర్తనా,

ఈసారి యువజన కూటంలో వాక్యం చెప్పేది నువ్వేనని, అంశం కూడా నువ్వే ఎంచుకున్నావని మీ అమ్మ చెప్పింది. "దేవదూత దేవుడి మీద ఎందుకు తిరగబడ్డాడు?" అట! విని మురిసిపోయాను, ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది. చిన్నప్పుడు ప్రతిదానికీ "ఎందుకు" అని ప్రాణాలు తోడేసేదానివి. ఇప్పుడు ఆ ప్రశ్నకి బైబిలు అతి తక్కువ జవాబు చెప్పే చోటే ఏరికోరి పట్టుకున్నావు. పట్టుకున్నావు కనక నాలుగు మాటలు విను.

మామూలు సంగతులు ముందు. ముప్పై ఐదు నిమిషాలు దాటకు, ఇంకో పదిహేను ప్రశ్నలకి వదులు. వచనాల అంకెలు పెద్ద అక్షరాలతో రాసుకో. వీడియోలు చూసి నోట్సు తయారుచేయకు. ప్రార్థన సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు.

కలం పట్టే ముందు ఈ భాగాలన్నీ ఒక్క బిగిన చదివెయ్: ఆదికాండం 3, యోబు 1, యెషయా 14, యెహెజ్కేలు 28, జెకర్యా 3, లూకా 10, యోహాను 8:44, 1 తిమోతి 3:6, 2 పేతురు 2:4, యూదా 6, ప్రకటన 12. చదివాక నీకే తెలుస్తుంది. సండేస్కూలు నుంచి మనం వింటున్న కథ, గొప్ప దూత ఒకడు దేవుడి మీద తిరగబడి పడిపోయి సాతాను అయ్యాడన్నది, మొదలు నుంచి చివరిదాకా, వీటిలో ఏ ఒక్క చోటా లేదు. ముక్కలున్నాయి. వాటిని కలిపి కుట్టింది తర్వాతివాళ్లు. కుట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు గానీ, ఏది బట్టో ఏది దారమో నువ్వు విడదీసి చూపగలగాలి.

ఇక 'లూసిఫర్' దగ్గరికి వద్దాం. ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం ఇదే.

నువ్వు మైకు అందుకుని "లూసిఫర్ అనే ప్రధాన దూత ఉండేవాడు" అని మొదలుపెడతావని నా భయం. అందరూ అలాగే మొదలుపెడతారు. యెషయా 14:12 మన బైబిల్లో తీసి చూడు: "తేజోనక్షత్రమా, వేకువచుక్కా". పేరేదీ లేదు. హీబ్రూలో ఉన్నది 'హేలేల్ బెన్ షహర్', అంటే మెరిసేవాడు, వేకువ కొడుకు. గ్రీకు అనువాదకులు దాన్ని 'హెయోస్ఫోరోస్' అన్నారు, వేకువను తెచ్చేది అని. జెరోమ్ లాటిన్లోకి తెచ్చేటప్పుడు 'లూసిఫెర్' అని రాశాడు, వెలుగు తెచ్చేది అని. లాటిన్లో అది శుక్రగ్రహానికి రోజూ వాడే మాట. అదే లాటిన్ బైబిల్లో యోబు 11:17లోనూ ఆ మాటే ఉంది, అక్కడ సాతాను ఊసే లేదు. 2 పేతురు 1:19లోనూ ఉంది. మీ హృదయాల్లో వేకువచుక్క ఉదయించేదాకా అన్న చోట! అక్కడ దాన్ని సాతాను పేరుగా చదివితే ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకో. నాలుగో శతాబ్దంలో సార్దీనియా ద్వీపంలో కాలియరికి బిషప్పుగా ఉన్నాయన పేరే లూసిఫెర్. కుమారుడు తండ్రితో సమానుడు కాడన్న ఏరియస్ బోధని గట్టిగా ఎదిరించినవాడు. అది దయ్యం పేరని అప్పట్లో అనుకునే ఉంటే ఏ తల్లి పెడుతుంది చెప్పు?

మరి మామూలు నామవాచకం పేరెలా అయింది? మూడో శతాబ్దంలో ఓరిజెన్ అనే వేదపండితుడు ఈ భాగాన్ని, యెహెజ్కేలు 28ని కలిపి సాతాను పతనానికి అన్వయించాడు. అన్వయం పాతబడి, అదే అసలు అర్థంగా చెలామణీ అయిపోయింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ఆ లాటిన్ మాటని అనువదించకుండా పెద్దక్షరంతో అలాగే ఉంచేసింది. 1667లో మిల్టన్ ఇంగ్లీషు కావ్యం 'పారడైజ్ లాస్ట్' వచ్చాక మిగతా రంగులన్నీ అందులోంచి దిగుమతి అయ్యాయి. కుమారుణ్ణి హెచ్చించినందుకు దూత అలిగాడన్న సన్నివేశం వింటే అది ఏ అధ్యాయంలో ఉందని వెతక్కు. కావ్యంలో ఉంది.

యెషయా ఎవరి మీద పాడుతున్నాడో 14:4లోనే ఉంది: బబులోను రాజు మీద, ఎగతాళి పాట. 14:16లో చూసినవాళ్లు "ఇతడేనా ఆ మనిషి" అన్నట్టు మాట్లాడుకుంటారు. 14:11లో కింద పురుగులు పరుపు, పైన పురుగులు దుప్పటి. శవం ఉన్నవాడి గురించిన మాటలివి. ఆ పోలిక ఎంత పదునైందో తెలియాలంటే ఒక తెల్లవారుజామున లేచి తూర్పు వైపు చూడు. శుక్రుడు సూర్యుడి కంటే ముందు లేస్తాడు, చుక్కలన్నిటికంటే ఎక్కువ మెరుస్తాడు, కానీ ఆకాశంలో సూర్యుణ్ణి వదిలి సుమారు 47 డిగ్రీలకి మించి దూరం పోలేడు. చీకట్లో నడినెత్తికి ఎక్కే యోగం అతనికి లేదు. సూర్యుడు రాగానే వెలవెలబోతాడు. అలాంటివాడు "దేవుని నక్షత్రములకు పైగా నా సింహాసనమును హెచ్చింతును" అంటున్నాడు! 13, 14 వచనాల్లో ఐదుసార్లు "నేను ఇది చేస్తాను" అంటాడు. ఆ ఐదూ వేళ్ల మీద లెక్కపెట్టించు, పిల్లలకి జ్ఞాపకం ఉంటుంది.

యెహెజ్కేలు 28 కాస్త కష్టం. తూరు రాజుని పట్టుకుని ఏదెనులో ఉన్నావు, అభిషేకం పొందిన కెరూబువి (దేవుడి సన్నిధిలో ఉండే ఒక రకం దూతవి) అంటుంటే, మనిషిని మించిన మాటల్లా వినిపిస్తాయి. నిజమే. కానీ గ్రీకు అనువాదంలో అతను కెరూబు కాదు, కెరూబుతో పాటు ఉన్నవాడు. పైగా 16, 18 వచనాల్లో అతని పాపం విస్తారమైన వర్తకం, అన్యాయపు వర్తకం. ఓడరేవు రాజుకి అతికినట్టు సరిపోయే నేరం. సాతాను పరలోకంలో సంగీత నాయకుడన్న మాట కూడా ఇక్కడి 13వ వచనంలోంచి లాగిందే. మన అనువాదంలో పిల్లనగ్రోవులని ఉన్న ఆ హీబ్రూ మాటకి రత్నాలు పొదిగే గూళ్లు అని అర్థం చెప్పేవాళ్లున్నారు. అంత సన్నటి కొమ్మకి గానబృందాన్నంతా వేలాడదీయకు.

నన్ను తప్పుగా అనుకోకు, ఆ రెండు అధ్యాయాలు వాడొద్దనడంలేదు. రెండడుగుల్లో వాడు. "ఇది బబులోను రాజు గురించి" అని మొదటి అడుగు. "ఈ రాజు గర్వంలో సంఘం సాతాను నీడని చూసింది" అని రెండో అడుగు. ప్రొటెస్టంటు సంస్కర్తలు లూథర్, కాల్విన్ ఇద్దరూ యెషయా 14 విషయంలో మొదటి అడుగు దగ్గరే ఆగిపోయారు, ఆ మాటా చెప్పు. అడుగులు కలిపేశావా, ఎవరో ఒక గడుసు పిల్లాడు 14:4 చదివి వినిపిస్తాడు, ఆ తర్వాత నువ్వు చెప్పిన నిజం కూడా నమ్మరు.

కారణాల సంగతికొస్తే, సంఘ పితరులు, అంటే తొలి శతాబ్దాల సంఘ గురువులు, అందరూ ఒకే జవాబు చెప్పారని అనకు. చెప్పలేదు. ఐరేనియస్, సిప్రియన్ అసూయ అన్నారు: దేవుడి స్వరూపంలో మనిషిని చేయడం చూసి ఓర్వలేకపోయాడని. నిస్సా గ్రెగరీ ఇంకొంచెం ముందుకెళ్లి, భూమి బాధ్యత అప్పగించిన దూతే మట్టిలోంచి లేచిన మనిషి గౌరవం చూసి కుళ్లుకున్నాడన్నాడు. దీని వెనక సొలొమోను జ్ఞాన గ్రంథం 2:24 ఉంది, అపవాది (అంటే సాతాను) అసూయ వల్ల మరణం లోకంలోకి వచ్చిందని. కతోలికుల బైబిల్లో ఉంటుంది, ప్రొటెస్టంటు బైబిల్లో ఉండదు. వినేవాళ్లలో ఇద్దరూ ఉంటారు, జాగ్రత్త. మనుషుల కూతుళ్ల మీద మోహం అన్నవాళ్లూ ఉన్నారు. ఆదికాండం 6లోని దేవుని కుమారులే దిగివచ్చిన దూతలని జస్టిన్, టెర్టులియన్ నమ్మారు. హనోకు గ్రంథం అనే పాత యూదు పుస్తకంలో ఆ కథ ఉంది: హెర్మోను కొండ మీద రెండు వందలమంది దూతలు ఒట్టు పెట్టుకుని దిగారని. ఇతియోపియా ఆర్థడాక్స్ సంఘానికి అది ఇప్పటికీ లేఖనమే. యూదా 6, 2 పేతురు 2:4 ఆ కథనే తలుస్తున్నాయని చాలామంది పండితుల అభిప్రాయం. అయితే అది సాతాను మొదటి తిరుగుబాటుకి జవాబు కాదు. ఆదికాండం 3లో సర్పం అప్పటికే వచ్చిపోయింది కదా.

నిలబడిపోయింది అగస్టీన్ జవాబు, గర్వం. ఆయన తర్కం చిన్నది: అసూయ గర్వానికి కూతురే గాని తల్లి కాదు. తన గొప్పని ప్రేమించుకున్నవాడికే ఎదుటివాడి గొప్ప ముల్లై గుచ్చుకుంటుంది. పదమూడో శతాబ్దంలో అక్వినాస్ దాన్ని ఇంకా నూరి పదును పెట్టాడు. దూతకి బుద్ధి చురుకు, తాను దేవుడైపోవడం కుదరదని వాడికి తెలుసు. కాబట్టి కోరింది అది కాదు. దేవుడు కృపగా ఇచ్చే ఆనందాన్ని సొంత బలంతో అందుకోవాలనుకున్నాడు. నాకు ఈ మాట దగ్గరే వెన్ను జలదరిస్తుంది. సింహాసనం దొంగిలించడం మనకి చాలా దూరంలో ఉన్న పాపం. "నాకు ఎవరూ ఇవ్వక్కర్లేదు" అనుకోవడం అంత దూరంలో లేదు.

ఇంకా తవ్వుతారు. "మంచివాడిగా చేస్తే గర్వం ఎక్కణ్ణించి వచ్చింది?" ఇక్కడ తడబడి దేవుడే ఆ విత్తనం వేశాడన్నట్టు మాట్లాడకు. చెడుకి వేరే సృష్టికర్త ఉన్నాడన్నట్టు అసలే మాట్లాడకు. అది మానీ మతం. 1215లో కతోలిక సంఘ పెద్దలు రోములో కూడిన నాలుగో లాతెరన్ సభ రెంటికీ కలిపి ఒక్క వాక్యంలో తలుపు వేసింది: దయ్యాల్ని దేవుడు స్వభావరీత్యా మంచివాటిగానే చేశాడు, తమంతట తామే చెడ్డవయ్యాయి. ఆ చెడ్డ ఇష్టానికి కారణం వెతకడమంటే చీకటిని చూడాలనుకోవడం, నిశ్శబ్దాన్ని వినాలనుకోవడం అన్నాడు అగస్టీన్. పదకొండో శతాబ్దంలో ఆన్సెల్మ్ గురుశిష్యుల సంభాషణగా ఇదే రాశాడు. శిష్యుడు అచ్చం నీలాగే వదలకుండా అడుగుతాడు, ఎందుకు కోరుకున్నాడు అని. గురువు చివరికి, కోరుకున్నాడు కాబట్టే అంటాడు. తప్పించుకున్నట్టు అనిపిస్తుంది. కానీ ఆలోచించు, కారణం దొరికితే నేరం ఆ కారణం మీదికి పోతుంది, వాడు నిర్దోషి అవుతాడు. ఆ పదిహేను నిమిషాల్లో "ఇక్కడితో నాకు జవాబు ఆగిపోతుంది" అనడానికి సిగ్గుపడకు.

మిగతావి గబగబా చెప్తాను. "మూడో వంతు దూతలు" అన్నది ప్రకటన 12:4లో ఘటసర్పం తోక ఈడ్చిన నక్షత్రాల లెక్క. పైగా ఆ అధ్యాయంలో శిశువు పుట్టాకే మిఖాయేలు యుద్ధం వస్తుంది, గెలుపు గొర్రెపిల్ల (అంటే క్రీస్తు) రక్తం వల్ల. దాన్ని సృష్టికి ముందుకి జరిపేముందు పదిసార్లు ఆలోచించు. పతనం ఆదికాండం 1:1కి, 1:2కి మధ్య జరిగిందన్న మాటని ప్రచారంలోకి తెచ్చింది 19వ శతాబ్దపు బోధకులు, 1909 నాటి స్కోఫీల్డ్ బైబిలు నోట్సు. సాతానుకి క్షమాపణ ఉందా అని కచ్చితంగా అడుగుతారు. హెబ్రీ 2:16 చదువు, క్రీస్తు చేయి పట్టుకున్నది దూతల్ని కాదు, అబ్రాహాము సంతానాన్ని. మనిషికి మరణం ఎలాంటిదో దూతకి పతనం అలాంటిదని, ఆ తర్వాత పశ్చాత్తాపం లేదని ఎనిమిదో శతాబ్దపు గురువు దమస్కు యోహాను వివరించాడు.

ఇక నా అసలు భయం. గర్వాన్నీ అపవాదికి కలిగిన శిక్షనీ ఒకే ఊపిరిలో చెప్పే వచనం 1 తిమోతి 3:6. అది వాడి చరిత్ర చెప్పడానికి రాసింది కాదు. సంఘంలో ఎవరికి బాధ్యత ఇవ్వకూడదో చెప్పడానికి రాసింది. "క్రొత్తగా చేరినవాడు" అన్న చోట గ్రీకు మాటకి కొత్తగా నాటిన మొక్క అని అర్థం. "గర్వాంధుడై" అన్న మాట పొగ అనే మాటలోంచి పుట్టింది. మైకు చేతికొచ్చిన మొదటిసారి ఆ పొగ ఎంత కమ్మగా ఉంటుందో! నువ్వు బాగా మాట్లాడతావు తల్లీ, అదే నా దిగులు. అందరూ మెచ్చుకున్న ఆ సాయంత్రం ఒక్కదానివే కూర్చోకు, గిన్నెలు తోమేవాళ్ల దగ్గరికి వెళ్లి నువ్వూ నాలుగు తోము.

లూకా 10:18లో మెరుపులా సాతాను పడడం చదివినప్పుడు అక్కడ ఆపకు, 20 దాకా చదువు. దయ్యాలు లోబడుతున్నాయని పొంగిపోతున్న శిష్యులకి, దానికి కాదు, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నందుకు సంతోషించండని ప్రభువు చెప్పిన మాట అది.

రాసింది గురువారంలోగా పంపు. మొదటి పేజీలో 'లూసిఫర్' కనబడితే ఎర్ర సిరాతో కొట్టేస్తాను, ఏడవకు.

పెద్దమ్మ