అద్దె మడిలో కూరగాయలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా కాలనీ పక్కనున్న ఖాళీ స్థలాన్ని యజమాని సెంటు చొప్పున మడులుగా విడగొట్టి, కూరగాయలు పండించుకోవడానికి పలు కుటుంబాలకు అద్దెకిచ్చారు. మేమూ పదకొండు నెలలకు ఒక మడి తీసుకున్నాము. పూతకు వచ్చే వేళకు వంగ మొక్కలు, ఆకులు పచ్చగా ఉండగానే, ఒక్కొక్కటిగా వాలిపోయి చనిపోతున్నాయి. బోరు నీరు కాస్త ఉప్పగా ఉంటుంది. ఏ ఎరువు వేయమంటారు?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ప్రస్తుతానికి ఏ ఎరువూ వేయకండి. వాలిన మొక్క కాండాన్ని నేలకు దగ్గరగా కోసి, ఆ ముక్క కొసను గాజు గ్లాసులోని తేటనీటిలో మునిగేలా పట్టుకొని కొద్ది నిమిషాలు కదల్చకుండా చూడండి. కోసిన చోటి నుంచి పాలలాంటి తెల్లని తీగలు నీటిలోకి జారితే అది బాక్టీరియా వడలు తెగులు. అవి కనిపించకపోతే మొక్కను పీకి వేళ్లు పరీక్షించండి. బుడిపెలు ఉంటే నులిపురుగులు పట్టాయన్నమాట. ఉప్పునీటి వల్ల కలిగే నష్టం తీరు వేరు. ముదురు ఆకుల అంచులు ముందుగా మాడతాయి, మొక్క ఎదగక గిడసబారుతుంది, మడి ఆరినప్పుడు మట్టిపై తెల్లని పొర తేలుతుంది. మీరు రాసిన లక్షణాలను బట్టి మొదటిదాన్నే అనుమానించవలసి ఉంది.

వడలు తెగులు అయితే మందు చల్లి చచ్చే మొక్కను బతికించుకోవచ్చన్న ఆశ వదులుకోవాలి. ఆ బాక్టీరియా మట్టిలోనే ఉండి, నీటి వెంట పారి, పలుగుపారలకు అంటిన మన్నుతో కూడా పక్క మడికి చేరుతుంది కాబట్టి ఇది మీ ఒక్కరి మడితో తేలే వ్యవహారం కాదు. ఎగువ మడిలో పారిన నీరే కాలువ వెంట మీ మడిలోకి వస్తున్నదేమో ముందు చూడండి. అలా వస్తుంటే, ఒక్కొక్క మడికి విడిగా నీరు అందేలా, మిగులు నీరు మరొకరి మడి మీదుగా కాక నేరుగా మురుగు బోదెలోకి పోయేలా అందరూ కలిసి ఏర్పాటు చేసుకోవాలి. చచ్చిన మొక్కలను వేళ్లతో సహా తీసి ఎండబెట్టి కాల్చండి. ఉమ్మడి కంపోస్టు గోతిలో మాత్రం వేయకండి. వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబానికి చెందినవి కనుక ఈ ఒప్పందం ముగిసే వరకు మీ మడిలో ఆ మూడూ వద్దు. బెండ, బీర, తోటకూర, గోంగూర నిశ్చింతగా వేసుకోవచ్చు. వంగ లేనిదే తోట తోటే కాదనుకునేవారు (మన జిల్లాలలో అలాంటివారు తక్కువేమీ కాదు) ఉస్తి మొక్కపై అంటుకట్టిన వంగ నారు కోసం కడియం వైపు నర్సరీలలో విచారించవచ్చు. ఆ వేరుమూలం ఈ తెగులును బాగా తట్టుకుంటుంది.

డెల్టా బంకమన్నులో నీరు నిలవడం ఈ తెగులుకు మరింత అనుకూలిస్తుంది. అందువల్ల చదును మడులకు బదులు జానెడు ఎత్తున మట్టి ఎగదోసి బోదెలు కట్టండి. మట్టి గుల్లబారడానికి కోనసీమ నుంచి వచ్చే కొబ్బరి పొట్టును కలపవచ్చు గాని, పచ్చి పొట్టులోనే ఉప్పు ఉంటుంది కనుక బాగా కడిగినదో చివికినదో తెచ్చుకోండి.

బోరు నీటిని కూడా ఒకసారి పరీక్ష చేయించండి. నీటిలో ఉప్పు ఎంత ఉందో తెలిపే కొలత అయిన విద్యుత్ వాహకత మీటరుకు 0.7 డెసీసైమన్ల లోపు ఉంటే చింత లేదు. 3 దాటితే ఆ నీరు చాలా కూరగాయలకు పనికిరాదు. ఈ రెండింటికీ మధ్య ఉంటే ఉప్పును ఏమాత్రం ఓర్వని చిక్కుళ్లను మానుకొని, కొంత ఓర్చుకునే పాలకూర, బీట్‌రూట్ వంటివి వేయండి. రోజూ పైపైన చిలకరించడం కంటే, మురుగు పోయే దారి ఉన్నప్పుడు, కొన్ని రోజులకొకసారి నిండుగా తడపడం మేలు. అప్పుడు ఉప్పు వేళ్ల కిందికి దిగిపోతుంది. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేసినప్పుడు బోరు తప్ప మరో దిక్కు ఉండదు గనుక, ఆ నెలల్లో మడిపై వరిగడ్డి పరచి తేమను కాపాడుకోండి.

ప్రశ్న: మాకు దక్షిణం పక్క మడివారు ఆనప పందిరి వేశారు. మా మొక్కలకు ఎండ తగలడం లేదు. ఏమి చేయాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: శీతకాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరుగుతాడు కాబట్టి ఆ పందిరి నీడ మీపై పడక తప్పదు. కాపు మీదున్న పాదును తీయమనడం న్యాయం కాదు. ఈ విడతకు ఆ అంచున పుదీనా, బచ్చలి వేసుకోండి. వచ్చే విడతకు మాత్రం పందిళ్లన్నీ స్థలం ఉత్తరపు సరిహద్దు వెంట ఉమ్మడిగా వేసుకుందామని అందరితో మాట్లాడండి. అక్టోబరు, నవంబరు తుపాన్లకు పడిపోకుండా ఒకే వరుస పందిరికి గట్టి రాటలు వేయడం కూడా తేలిక.

ప్రశ్న: పదకొండు నెలల అద్దె మడిలో అరటి, మునగ వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: అరటి వద్దు. చక్కెరకేళి గెల కోతకు రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. అంటే గెల యజమానికి, చాకిరీ మీకు. పి.కె.ఎం.-1 రకం మునగను గింజ నాటితే ఆరేడు నెలల్లో కాపు మొదలవుతుంది, కాని ఒక సెంటులో దాని నీడకు మిగిలినవి దెబ్బతింటాయి. వేయాలనే ఉంటే ఉత్తరపు మూలలో ఒక్క చెట్టుతో సరిపెట్టుకోండి. అద్దె గడువు ముగిసినా కోతలు మిగిలి ఉన్న పైరును తీసుకునే హక్కు మీకుంటుందో లేదో ఒప్పంద పత్రంలో ముందే రాయించుకోండి.