లియోన్‌లో పెళ్లిరోజు విందు

ప్రశ్న: మాది విజయనగరం. ఉద్యోగ విరమణ చేసి మూడేళ్లయింది. మా అమ్మాయీ అల్లుడూ ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఉంటున్నారు. వచ్చే జూన్‌లో మేమిద్దరం అక్కడ ఉండగానే మా నలభయ్యో పెళ్లిరోజు వస్తుంది. ఆ రాత్రి, భార్యాభర్తలే నడుపుకునే ఒక చిన్న ఫ్రెంచి రెస్టారెంటుకు తీసుకెళ్తానని అమ్మాయి అంటోంది. నేను చేప, కోడి, మేక తింటాను. గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టను. మా ఆవిడ గుడ్డు కూడా తినదు. అక్కడ ఏం తినాలో, ఎలా మసలుకోవాలో తెలియక అమ్మాయికి తలవంపులు తెస్తామేమోనని ఆవిడ బెంగపడుతోంది. మీ సలహా ఏమిటి?
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీ దంపతులకు ముందుగా శుభాకాంక్షలు. మీ శ్రీమతి బెంగలో మర్యాదల సంగతి తేలిగ్గానే తీరిపోతుంది. వంట సంగతికే ముందుచూపు కావాలి కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

అమ్మాయి అనుకుంటున్న చోటు ‘బుషోన్’ అవునో కాదో ముందు కనుక్కోండి. లియోన్‌లో ఆ ఊరి సంప్రదాయ వంట వడ్డించే చిన్న భోజనశాలలను అలా పిలుస్తారు. గళ్ల బల్లగుడ్డలు, ఇరుకు గది, పక్కవారి మోచేయి తగిలేంత దగ్గరగా కుర్చీలు, చూడటానికి ఎంతో ఆత్మీయంగా ఉంటాయి. అయితే పశువు ఒంట్లో ఏ భాగాన్నీ పారేయకుండా వండటమే ఆ వంటకు పేరు తెచ్చింది. ఆందుయెట్ అనేది పంది పేగులతో చేసే సాసేజి. తాబ్లియె ద సపర్ మన కట్‌లెట్‌లాగే కనిపిస్తుంది గాని, పొడి అద్ది వేయించిన ఆ ముక్క గొడ్డు పొట్ట భాగం. ఆ ఊరి పేరుతోనే వచ్చే ఆకుకూర సలాడ్‌లో కూడా పందిమాంసపు ముక్కలు, గుడ్డు ఉంటాయి. మీ వరకైతే ఇబ్బంది లేదు. మంచినీటి చేపను మెత్తగా నూరి, గుడ్డు, వెన్న, పిండి కలిపి ఉడికించే కెనెల్ ఉంది, వినిగర్ పోసి పుల్లగా వండే కోడికూర కూడా ఉంది. మీ శ్రీమతికి మాత్రం రొట్టె, పచ్చి ఆకులు తప్ప ఏమీ మిగలకపోవచ్చు. పెళ్లిరోజున ఒకరు తింటుంటే ఇంకొకరు చూస్తూ కూర్చోవడం నాకు సమ్మతం కాదు. అది బుషోన్ అయితే ఇంకో రోజు మధ్యాహ్నం మీరూ అల్లుడుగారూ వెళ్లి రండి. పెళ్లిరోజుకు మాత్రం, ఆ ఉదయం సంతకు వచ్చిన కాయగూరలను బట్టి వండే చిన్న బిస్ట్రోను, అంటే సాదాసీదా భోజనశాలను, చూడమని అమ్మాయికి చెప్పండి.

చిన్న చోటును ఎంచుకోవడంలో మీ అమ్మాయి ఆలోచన మంచిదే. ఫోన్ చేస్తే తరచుగా వండేవారో, వారి ఇంటివారో మాట్లాడతారు. అసలు లియోన్ వంటకు కీర్తి తెచ్చినవారిలో, సంపన్నుల ఇళ్లలో వంట చేసి తరువాత సొంతంగా భోజనశాలలు పెట్టుకున్న స్త్రీలు ముఖ్యులు. ఆ ఊరు నేటికీ వారిని ‘అమ్మలు’ అనే పిలుస్తుంది. వారిలో ఒకరైన యూజెనీ బ్రాజియె పల్లెటూరి పేదింట పుట్టి, ఒక ఇంట వంటమనిషిగా పనిచేసి, 1921లో సొంత రెస్టారెంటు తెరిచి, 1933 నాటికి తన రెండు రెస్టారెంట్లకూ మూడేసి మిషెలిన్ నక్షత్రాలు (మేలైన రెస్టారెంట్లకు ఒక ఫ్రెంచి గైడు ఇచ్చే గుర్తింపు, మూడే అత్యున్నతం) సంపాదించారు. ఇంటి వంటకు అంతటి గౌరవమిచ్చే ఊళ్లో, ఇంట్లో మాట్లాడినట్టే మీ అవసరం చెప్పుకోవచ్చు.

ఆ మాట నాలుగైదు రోజుల ముందే, వివరంగా చెప్పాలి. వియ్యాలవారిలో ఎవరు ఉల్లి తినరో పెళ్లికి ముందే వంటవారికి చెప్పుకుంటాం కదా, అలాగే. ‘శాకాహారి’ అన్న ఒక్క మాట చాలదు; చేప తింటారేమో అనుకునేవారు ఉంటారు. మాంసం, చేప, గుడ్డు తినరనీ, మాంసం ఉడికించిన నీరు, బాతు కొవ్వు, జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ కూడా తగలకూడదనీ అమ్మాయి విడివిడిగా చెప్పాలి. ఉల్లిపాయ సూప్ అన్న పేరు చూసి మోసపోవద్దు, దాన్ని చాలాచోట్ల గొడ్డు ఎముకల రసంతో చేస్తారు. చీజ్ సంగతి కూడా మీ శ్రీమతికి తెలియాలి. సంప్రదాయ ఫ్రెంచి చీజ్‌లు చాలావాటికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్‌తో పాలను గడ్డకట్టిస్తారు. తినడమా మానడమా అన్నది ఆవిడ ఇష్టం. పలుచని బంగాళాదుంప చక్రాలను పాలు, మీగడ, వెల్లుల్లితో పొయ్యిలో మగ్గబెట్టే గ్రాతాన్ దోఫినువాను చీజ్, గుడ్డు లేకుండా చేసిపెట్టమని అడగవచ్చు. వంకాయ, టమాటా, ఆలివ్ నూనెతో చేసే రాతతూయ్ మన నోటికి దగ్గరగానే ఉంటుంది. మీగడతో చేసే తీపి వంటకం క్రెమ్ బ్రూలేలో గుడ్డు సొన ఉంటుంది కనుక తీపికి బదులు స్ట్రాబెర్రీలు అడగండి, జూన్ వాటి కాలం.

ఇక భోజనం సాగే తీరు. మన విస్తట్లో లాగా అన్నీ ఒకేసారి రావు, ఒకటి పూర్తయ్యాకే మరొకటి వస్తుంది, రెండు రెండున్నర గంటలు పడుతుంది. రాత్రి భోజనం ఏడున్నరకు గాని మొదలు కాకపోవచ్చు. జూన్‌లో అక్కడ సూర్యుడు తొమ్మిదిన్నర ప్రాంతంలో అస్తమిస్తాడు కాబట్టి వెలుతురు చూసి వేళ మరిచిపోకండి. మాత్రలు వేసుకునేవారైతే సాయంత్రం ఇంట్లోనే కొంచెం ఏదైనా తినండి. లోపలికి అడుగుపెట్టగానే నమస్కారం చెప్పడం అక్కడ తప్పనిసరి మర్యాద, పగలైతే ‘బోఁజూర్’, సాయంత్రమైతే ‘బోఁస్వార్’. జగ్గులో తెచ్చే కుళాయి నీటికీ, రొట్టెకూ డబ్బు తీసుకోరు. వైన్ వద్దంటే ఎవరూ చిన్నచూపు చూడరు. అడగనిదే బిల్లు తేకపోవడం నిర్లక్ష్యం కాదు, మిమ్మల్ని తొందరపెట్టకపోవడమే వారి మర్యాద. ధరలోనే సేవ రుసుము కలిసి ఉంటుంది, ఆపైన ఇచ్చేది మీ సంతోషం కొద్దీ.

కత్తి, ఫోర్కు చేతికి కుదరకపోతే ఏమిటని మీ శ్రీమతి అడుగుతారు. రొట్టెను అక్కడ అందరూ చేత్తోనే తుంచుతారు, తుంచిన ముక్కను పళ్లెం పక్కన బల్లగుడ్డ మీదే పెట్టుకుంటారు. ఇంటివంటి ఆ చిన్న చోట ఆవిడ ఆ ముక్కతో పళ్లెంలో మిగిలిన రసాన్ని తుడుచుకుని తింటే, వండినవారు సంతోషిస్తారే గాని తప్పుపట్టరు.