స్టాఫ్ గులాబీ రంగులోకి ఎందుకు తిరిగింది?

మైక్రోబయాలజీ: పాఠకుల సందేహాలు

ప్రాక్టికల్స్ దగ్గర పడుతున్నాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి బాక్టీరియాను రెండు గుంపులుగా విడదీసే పరీక్ష) మీదే ఉన్నాయి. అందుకే దానికి ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: నేను బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాకిచ్చింది స్టాఫిలోకాకస్ (స్టాఫ్) అనే బాక్టీరియా కల్చరే, అంటే ల్యాబ్‌లో పెంచినదే. పుస్తకం ప్రకారం ఊదా రంగులో కనిపించాలి. నా స్లయిడ్ మీద సగం ఊదా, సగం గులాబీ వస్తోంది. ఒకసారైతే మొత్తం గులాబీయే. టైము వాచీ పెట్టుకుని మరీ చేస్తున్నాను. తప్పెక్కడ జరుగుతోంది?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: వాచీతో చేయాల్సినవి మూడు మెట్లే. క్రిస్టల్ వయొలెట్ (ఊదా రంగు) ఒక నిమిషం, అయొడిన్ ఒక నిమిషం, చివర సాఫ్రనిన్ (గులాబీ రంగు) అర నిమిషం నుంచి నిమిషం. మధ్యలో రంగు తీసే మెట్టుకు మాత్రం వాచీ కాదు, కన్ను కావాలి. స్లయిడ్‌ను ఏటవాలుగా పట్టుకుని 95 శాతం ఆల్కహాల్ చుక్కలు చుక్కలుగా వదలండి. కింద జారే చుక్కలో ఊదా ఛాయ పోయిన క్షణమే నీళ్లు పోసేయాలి. పలచటి స్మియర్‌కి (స్లయిడ్ మీద పరిచిన పూతకి) 10 నుంచి 20 సెకన్లు సరిపోతాయి. మీ ల్యాబ్‌లో ఆల్కహాల్ బదులు అసిటోన్ వాడుతుంటే రెండు మూడు సెకన్లే. ఆల్కహాల్ లెక్క గుర్తుపెట్టుకుని అసిటోన్ పోస్తే ఎంత మంచి గ్రామ్ పాజిటివ్ (ఊదా రంగు నిలుపుకునే బాక్టీరియా) అయినా గులాబీగా మారుతుంది. సీసా మీద ఏమని రాసుందో ముందు చూడండి.

ఇందులో జరిగేది ఇదీ. క్రిస్టల్ వయొలెట్, అయొడిన్ కలిసి కణం లోపల పెద్ద ముద్దగా తయారవుతాయి. గ్రామ్ పాజిటివ్ గోడలో పెప్టిడోగ్లైకాన్ మందంగా ఉంటుంది. ఆల్కహాల్ తగలగానే అందులో నీరు పోయి గోడ బిగుసుకుంటుంది, ముద్ద లోపలే చిక్కుకుంటుంది. గ్రామ్ నెగటివ్‌కి (ఊదా వదిలి గులాబీగా కనిపించేవాటికి) బయట కొవ్వు పొర ఉంటుంది. ఆల్కహాల్‌కి అది కరిగిపోతే, మిగిలిన పలచని గోడ రంగును ఆపలేదు. అంటే గోడ చెక్కుచెదరకుండా ఉన్నంతవరకే ఈ పరీక్షకు విలువ. గోడ దెబ్బతింటే స్టాఫ్ అయినా రంగు వదిలేస్తుంది.

ఆ గోడ దెబ్బతినడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి, పాత కల్చర్. 18 నుంచి 24 గంటల వయసున్నదే తీసుకోవాలి. సోమవారం వేసిన ప్లేటుతో గురువారం ప్రాక్టికల్ చేస్తే చచ్చిన కణాలు, గోడ చిట్లిన కణాలు ఎక్కువగా ఉంటాయి. సగం ఊదా, సగం గులాబీ రావడానికి చాలాసార్లు ఇదే కారణం. మీ విషయంలోనూ మొదట అనుమానించాల్సింది దీన్నే. రెండు, మంట. స్మియర్ గాలికి పూర్తిగా ఆరాకే మంట మీదుగా రెండు మూడు సార్లు చకచకా దాటించాలి. స్లయిడ్ అడుగు ముంజేతి వెనక ఆనిస్తే వెచ్చగా ఉండాలి గానీ చురుక్కుమనకూడదు. తడి ఆరకముందే వేడి చేస్తే కణాలు ఉడికి ఆకారమే మారిపోతుంది.

గోడతో సంబంధం లేని కారణం ఇంకొకటుంది, అయొడిన్. గోధుమ రంగు పోయి లేత పసుపుకు దిగిన అయొడిన్ పనికిరాదు. ముద్ద కట్టకపోతే రంగు నిలవదు.

దీనికి తిరగబడిన తప్పు కూడా తెలిసుండాలి. గ్రామ్ నెగటివ్ బాక్టీరియా అయిన ఈ.కోలై ఊదాగా కనిపిస్తోందంటే దాదాపు ఎప్పుడూ స్మియర్ మందమే కారణం. స్లయిడ్ మీద చిన్న నీటి చుక్క చాలు. కాలనీని సూది మొనతో తాకి, ఆవగింజలో సగమంత తీసుకుని, పైసా బిళ్లంత మేర పరచండి. ఆరిన స్మియర్ కింద దినపత్రిక పెడితే అక్షరాలు చదవగలగాలి. చూసేటప్పుడు కూడా కుప్పలున్న చోటు వదిలేసి, కణాలు విడివిడిగా ఉన్న అంచు దగ్గరే రంగు నిర్ణయించండి.

అనుమానం తీరాలంటే అదే స్లయిడ్ మీద ఒక పక్క తెలిసిన స్టాఫ్, మరో పక్క తెలిసిన ఈ.కోలై, మధ్యలో మీ నమూనా వేయండి. ఆ రెండూ సరిగా వస్తేనే మధ్యదాన్ని నమ్మాలి. చీము స్మియర్ అయితే ఈ శ్రమ కూడా అక్కర్లేదు. చీము కణాల కేంద్రకాలు గులాబీగా ఉండాలి. అవి ఊదాగా ఉంటే మీరు రంగు సరిగా తీయలేదన్నమాట.

వైవాలో అడిగే ఓ చిన్న సంగతి: గ్రామ్ అన్నది తూకం కాదు, మనిషి పేరు. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ గ్రామ్ 1884లో ఈ పద్ధతి ప్రకటించాడు.

ప్రశ్న: డీఎంఎల్‌టీ చదువుతున్నాను. స్ట్రీకింగ్ (తీగ లూప్‌తో ప్లేటు మీద బాక్టీరియాను గీయడం) ఎన్నిసార్లు చేసినా విడి కాలనీలు రావడం లేదు, ప్లేటంతా పూత పూసినట్టు వస్తోంది. మూతకి నీటి చుక్కలు కూడా పడుతున్నాయి.
– ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ ఒకే సమస్యకు రెండు ముఖాలు కావచ్చు. ముందు నీళ్ల సంగతి చూద్దాం. ఆటోక్లేవ్ (ఆవిరి పీడనంతో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం) నుంచి తీసిన అగార్‌ని, అంటే బాక్టీరియాను పెంచే జెల్లీని, వేడివేడిగా పోసేస్తే ఆవిరి మూతకి పట్టి చుక్కలై కిందికి రాలుతుంది. ఆ తడిలో బాక్టీరియా కాలనీ దాటి పరుగెడుతుంది. ఫ్లాస్కు 45–50 డిగ్రీలకు దిగనివ్వండి, చేత్తో పట్టుకోగలిగేంత వేడి. మరీ ఆలస్యం చేయకండి, 42 దగ్గర అగార్ గడ్డ కడుతుంది. 90 మి.మీ. ప్లేటుకి 15 నుంచి 20 మి.లీ. పోయాలి. వాడే ముందు మూత కొద్దిగా తెరిచి, బోర్లించి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో అరగంట ఆరబెట్టండి. ఇంక్యుబేట్ చేసేటప్పుడు కూడా బోర్లించే పెట్టాలి. పేరు, తేదీ అడుగున రాయండి. మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి.

బ్లడ్ అగార్‌కి రక్తం కలిపేదీ ఈ 45–50 దగ్గరే. ఇంకా వేడిగా ఉన్నప్పుడు కలిపితే ఎర్రకణాలు పగిలి గోధుమ రంగులోకి తిరుగుతాయి. కావాలని 75–80 డిగ్రీల దగ్గర అలా చేసినదే చాక్లెట్ అగార్. అందులో చాక్లెట్ ఉండదు, రంగును బట్టి వచ్చిన పేరది.

ఇక లూప్ సంగతి. ప్లేటును మనసులో నాలుగు భాగాలు చేసుకోండి. మొదటి భాగంలో గీసి, లూప్‌ని ఎర్రగా కాల్చి, అగార్ అంచున ఖాళీ చోట తాకించి చల్లార్చండి. రెండో భాగం మొదలుపెట్టేటప్పుడు మొదటి భాగం చివరను రెండుసార్లే దాటాలి. మళ్లీ కాల్చి మూడోది, మళ్లీ కాల్చి నాలుగోది. పూత పూసినట్టు వస్తోందంటే మీరు మధ్యలో కాల్చడం మానేశారు, లేదా ప్రతిసారీ వెనక్కి పోయి పది గీతలు దాటుతున్నారు. అసలేమీ పెరగకపోతే లూప్ చల్లారక ముందే తాకారని అర్థం. లూప్‌ని పెన్నులా గుచ్చిపట్టకండి, అగార్ చీలిపోతుంది. ముగ్గు వేసేటప్పుడు చేయి తేలికగా ఆడినట్టు ఆడాలి.

అన్నీ సరిగా చేసినా బ్లడ్ అగార్ మీద అలలు అలలుగా ప్లేటంతా పాకితే అది ప్రోటియస్ అనే బాక్టీరియా కావచ్చు. దాని స్వభావమే అంత. మెకాంకీ అగార్ మీద వేసి చూడండి, పాకడం ఆగుతుంది.

ప్రశ్న: ఆటోక్లేవ్ అంటే 121 డిగ్రీలు, 15 పౌండ్లు, 15 నిమిషాలు అని బట్టీ పట్టాం. మీటరు 15 పౌండ్లే చూపించింది, అయినా లోపల పెట్టిన స్పోర్ పరీక్ష (వేడికి తట్టుకునే బాక్టీరియా స్పోర్లు చచ్చాయో లేదో చూసేది) ఫెయిలైంది. ఎలా?
– బీఎస్సీ నర్సింగ్ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: గాలి బయటికి పోలేదు. ఇంట్లో కుక్కరుకి ఆవిరి ధారగా వచ్చాకే వెయిట్ పెడతారు కదా, కారణం అదే. లోపల గాలి మిగిలితే మీటరు గాలి, ఆవిరి కలిసిన పీడనాన్ని చూపిస్తుంది. ఉష్ణోగ్రత మాత్రం 121కి చేరదు. కాబట్టి పీడనం ఒక్కటే చూడకండి, ఉష్ణోగ్రత కూడా చూడండి. 15 నిమిషాలు లెక్కపెట్టేది 121 చేరాకే. డ్రమ్ములో బట్టలు కుక్కేసినా, డ్రమ్ము కన్నాలు తెరవడం మరిచిపోయినా, సీసా మూతలు బిగించేసినా ఆవిరి లోపలికి చేరదు. ఈ పరీక్షలో వాడేవి జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ స్పోర్లు. రంగు మారే టేపు మాత్రం ఆ ప్యాకెట్టు ఆటోక్లేవ్‌లోకి వెళ్లి వచ్చిందని చెబుతుందే తప్ప స్పోర్లు చచ్చాయని చెప్పదు.

ప్రశ్న: వార్డు నుంచి ల్యాబ్‌కి పంపడం ఆలస్యమైతే శాంపిల్స్ అన్నీ ఫ్రిజ్‌లో పెట్టమని ఒకరు, వద్దని ఒకరు అంటున్నారు. ఏది నిజం?
– జీఎన్ఎం విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఇద్దరూ సగం సగం చెప్పారు. మూత్రం ఫ్రిజ్‌లో పెట్టాలి. వెన్నెముక నీరు, బ్లడ్ కల్చర్ బాటిల్ ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు.

మూత్రం కల్చర్‌లో మేం చూసేది సూక్ష్మజీవి ఉందా లేదా అని మాత్రమే కాదు, ఎన్ని ఉన్నాయని కూడా. 0.001 మి.లీ. పట్టే లూప్‌తో ప్లేటు మీద గీస్తాం. 100 కాలనీలు వస్తే మి.లీ.కి లక్ష అని లెక్క. ఇప్పుడు మీరు తీసినప్పుడు మి.లీ.కి 2,000 ఉన్నాయనుకోండి, ఇది ఇన్ఫెక్షన్ అనదగ్గ సంఖ్య కాదు. అనుకూల పరిస్థితుల్లో ఈ.కోలై 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ వేగంతో పెరిగితే రెండు గంటల్లో ఆరు రెట్టింపులు, అంటే 64 రెట్లు. 2,000 కాస్తా 1,28,000 అవుతుంది. మే నెల ఎండలో కౌంటర్ మీద మరిచిపోయిన సీసా వల్ల రోగి అక్కర్లేని యాంటీబయాటిక్ మింగాల్సి వస్తుంది. రెండు గంటల్లోపు పంపలేకపోతే 4 డిగ్రీల దగ్గర పెట్టండి, 24 గంటల వరకు ఫర్వాలేదు. మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టించండి. క్యాథెటర్ ఉన్న రోగికి సంచిలోంచి మాత్రం తీయకండి, ట్యూబుకున్న శాంపిల్ పోర్టును స్పిరిట్‌తో తుడిచి సిరంజీతో తీయాలి.

వెన్నెముక నీటిలో మెనింజోకాకస్, హీమోఫిలస్ వంటి బాక్టీరియా ఉండొచ్చు. చలికి అవి చచ్చిపోతే కల్చర్ నెగటివ్ వస్తుంది, రోగికి జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. వెంటనే పంపాలి, కుదరకపోతే గది ఉష్ణోగ్రతలోనో, ఇంక్యుబేటర్‌లోనో ఉంచాలి. బ్లడ్ కల్చర్‌కి యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే, పెద్దవాళ్లకి బాటిల్‌కి 8–10 మి.లీ. తీయండి. చర్మానికి రాసిన మందు ఆరనివ్వకుండా గుచ్చితే చర్మం మీది స్టాఫ్ బాటిల్‌లోకి పోతుంది. తుడిచేశాక మళ్లీ వేలితో నరం వెతకకండి.

ప్రశ్న: కెటలేజ్ పరీక్షలో స్ట్రెప్టోకాకస్ కూడా బుడగలు ఇస్తోంది. పుస్తకంలో నెగటివ్ అని ఉంది.
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: కాలనీని బ్లడ్ అగార్ నుంచి తీసుంటారు. ఎర్రకణాల్లోనూ కెటలేజ్ (పెరాక్సైడ్‌ను విడగొట్టే ఎంజైమ్) ఉంటుంది, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ తగలగానే అవే బుడగలిస్తాయి. న్యూట్రియెంట్ అగార్ మీది కాలనీ తీసుకోండి, లేదా అగార్ తగలకుండా పైపైన తీయండి. నిక్రోమ్ లూప్ కూడా బుడగలు పుట్టిస్తుంది, పుల్ల గానీ గాజు కడ్డీ గానీ వాడండి.

పనిలో పని, కోయాగ్యులేజ్ (స్టాఫ్ ప్లాస్మాను గడ్డ కట్టిస్తుందా అని చూసే పరీక్ష) గురించి కూడా. ట్యూబు పద్ధతిలో 37 డిగ్రీల దగ్గర పెట్టి నాలుగు గంటల లోపు మధ్య మధ్యలో మెల్లగా వంచి చూడండి. రాత్రంతా వదిలేసి పొద్దున చూస్తే, కట్టిన గడ్డను స్టాఫే కరిగించేసి ఉండొచ్చు. అది నెగటివ్ అనుకుంటారు.

ప్రశ్న: మలేరియా థిక్ ఫిల్మ్‌ని మిథనాల్‌లో ముంచానని ప్రాక్టికల్‌లో మార్కులు తగ్గించారు. థిన్ ఫిల్మ్‌కి ముంచమన్నారు కదా?
– ఒక విద్యార్థిని, సికింద్రాబాద్

జవాబు: మార్కులు తగ్గించడం సబబే. థిక్ ఫిల్మ్‌లో ఎర్రకణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. స్టెయిన్‌లోని నీటికి అవి పగిలి హీమోగ్లోబిన్ కొట్టుకుపోతేనే లోపలి పరాన్నజీవులు కనిపిస్తాయి. మిథనాల్ కణాలను గట్టిపరుస్తుంది, అవి పగలవు, మీకు కనిపించేది మందపాటి గులాబీ దుప్పటి. థిన్ ఫిల్మ్‌లో కావాల్సింది దీనికి విరుద్ధం. కణం ఆకారం, పరిమాణం చెదరకూడదు, అప్పుడే వైవాక్స్, ఫాల్సిపేరం అనే మలేరియా రకాల తేడా తెలుస్తుంది. రెండూ ఒకే స్లయిడ్ మీద ఉంటే మిథనాల్ థిక్ వైపు పాకకుండా స్లయిడ్ వంచి పట్టుకోండి. థిక్ ఫిల్మ్‌ని త్వరగా ఆరాలని మంట దగ్గర కూడా పెట్టకూడదు, వేడికీ అలాగే గట్టిపడుతుంది.

మీ ఊరి ప్రశ్నే కాబట్టి ఓ మాట. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే. ఆ భవనం ఇప్పటికీ బేగంపేటలో ఉంది, స్పాటర్స్ (నమూనాలు గుర్తుపట్టే ప్రాక్టికల్ పరీక్ష) అయిపోయాక ఓసారి వెళ్లి చూడండి.