కోడి అరికాలిలో నల్ల పక్కు: పిండితే చీము రాదు, ముందు గూడు నేల చూడండి

ప్రశ్న: మాది జనగామ దగ్గర పల్లె. పెరట్లో పద్నాలుగు వనరాజా పెట్టలు, రెండు పుంజులు ఉన్నాయి. నెల రోజులుగా మూడు పెట్టలు కుంటుతున్నాయి. పట్టుకుని చూస్తే అరికాలు ఉబ్బి, మధ్యలో నల్లగా పక్కు కట్టి ఉంది. ఒకదానికి వాపు వేళ్ల నుంచి పైకి కాలి కీలు దాకా పాకింది, అది మేత కూడా సరిగా తినడం లేదు. పిండితే ఏమీ రాలేదు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ గోలీ అన్ని కోళ్లు తాగే నీళ్లలో కలిపి రెండు రోజులు తాగించాను, తేడా లేదు. మొన్న వేసవిలో గూడు నేలకు సిమెంటు చేయించాం, రాత్రిళ్లు కొన్ని కోళ్లు ట్రాక్టర్ ట్రాలీ అంచు మీదెక్కి పడుకుంటాయి. ఇంట్లోనే నయం చేసుకోవచ్చా? మిగతావాటికి అంటుకుంటుందా? గుడ్లు తినొచ్చా?

జవాబు: అమ్మా, సిమెంటు నేల, ట్రాలీ అని మీరు చివర్లో రాసిన ఆ రెండు మాటల దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. ఒక్క కోడి కుంటితే ముల్లు గుచ్చుకుందేమో అనుకోవచ్చు, నెల తిరగకుండా మూడు కోళ్లకు ఒకే చోట పక్కు కట్టిందంటే ఆ మూడూ ఒకే గట్టి నేల మీదికి రోజూ దూకుతున్నాయని అర్థం. దీన్ని బంబుల్‌ఫుట్ అంటారు. అరికాలి మెత్తని భాగం ఒరుసుకుపోయో, చిన్నగా చీరుకుపోయో దారి ఇస్తే, చర్మం మీద మామూలుగానే ఉండే స్టెఫైలోకాకస్ సూక్ష్మజీవి లోపలికి దిగి గడ్డ కడుతుంది. వనరాజా బరువైన జాతి, నాటు పెట్టలా తేలిగ్గా ఎగిరి దిగలేదు, నాలుగు అడుగుల ఎత్తు నుంచి దూకినప్పుడు ఆ బరువంతా రెండు అరికాళ్ల మీద పడుతుంది.

ఇక పిండితే ఎందుకు రాలేదో చెబుతాను, ఎందుకంటే ఇది తెలియకే చాలామంది కోడిని నానా హింస పెడతారు. మనకు సెగగడ్డ లేస్తే చీము పలచగా ఊరుతుంది, పండి పగులుతుంది, కారిపోతుంది. చీమును అలా కరిగించే ఎంజైము పక్షుల తెల్లకణాల్లో ఉండదు. అందుకే కోడి చీము ఎండిన పన్నీరు ముక్కలా గట్టిపడి, ఒక్కోసారి శనగగింజంత ముద్దగా లోపలే కూర్చుంటుంది. ఎంత పిండినా రాదు సరికదా, పిండిన కొద్దీ అది లోపలి స్నాయువుల (కండను ఎముకకు కలిపే తాళ్లలాంటి పోగుల) వైపు, ఎముక వైపు జరుగుతుంది. ఆ ముద్దలోకి రక్తం పోదు, రక్తం పోని చోటికి గోలీ మందు కూడా పోదు. మీరు తాగించిన యాంటీబయాటిక్ పని చేయకపోవడానికి సగం కారణం అదే, మిగతా సగం మోతాదు తెలియకుండా అన్ని కోళ్లు తాగే నీళ్లలో కలపడం.

వైద్యం మొదలుపెట్టే ముందు ఇది నిజంగా అరికాలి గడ్డేనా అని ఒకసారి చూసుకోండి. పగటి వెలుతురులో కోడిని పట్టుకుని కాలు కడిగి చూడండి. అరికాలు బాగానే ఉండి కాలి మీది పొలుసులు పైకి లేచి, తెల్లగా పొట్టు కట్టినట్టు గరుకుగా ఉంటే అది పొలుసుల కింద దూరే పురుగు పని, దానికి కాలిని సబ్బునీళ్లతో మెత్తబడేలా కడిగి వాజెలిన్ గానీ కొబ్బరినూనె గానీ వారానికి రెండుసార్లు దట్టంగా రాస్తే గాలి ఆడక పురుగు చస్తుంది, ఆ పాత పొలుసులు రాలి కొత్తవి రావడానికి మాత్రం నెలలు పడుతుంది. వేలు ఒక్కటే ఉబ్బి ఉంటే ఆ వేలి మొదలు దగ్గర వెంట్రుకో, గోనెసంచి దారమో చుట్టుకుని బిగుసుకుందేమో వెతకండి, పెరటి కోళ్లలో ఇది చాలా ఎక్కువ, సన్నని కత్తెరతో దారం తెంపితే చాలు. రెండు మూడు నెలల పిల్ల ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాచి పడిపోతే అది మారెక్స్ అనే వైరస్ జబ్బు కావచ్చు. ఒకేసారి చాలా కోళ్లు నీరసపడి, ఆకుపచ్చగా పారుకుంటూ, మెడలు తిప్పుతూ ఉంటే కొక్కెర తెగులు అని అనుమానించి వెంటనే పశువైద్యుడికి చెప్పాలి. ఆ రెంటికీ అరికాలితో సంబంధం లేదు.

మీ మూడింట్లో వాపు అరికాలికే ఉన్న రెండు పెట్టలకు ఇంట్లో వైద్యం చేయవచ్చు. చేతులకు తొడుగులు వేసుకోండి, ఈ సూక్ష్మజీవి మన చేతి గాట్లలోంచి మనకూ అంటుకుంటుంది. కోడిని పాత తువ్వాలులో చుట్టి, కళ్ల మీద గుడ్డ కొస కప్పండి, చీకటి పడిందనుకుని నెమ్మదిస్తుంది. ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, రొమ్ము మీద బిగించి పట్టకూడదు. కోడి రొమ్ము ఎముక ఆడితేనే దానికి ఊపిరి, గట్టిగా అదిమితే చేతుల్లోనే చచ్చిపోతుంది.

వెడల్పాటి టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, మోచేయి పెడితే హాయిగా ఉండేంత వేడే చూసుకుని, లీటరుకు రెండు పెద్ద చెంచాల భేది ఉప్పు కలపండి. మెడికల్ షాపులో ఎప్సమ్ సాల్ట్ అన్నా ఇస్తారు. దొరక్కపోతే అర లీటరు నీళ్లకు ఒక చిన్న చెంచా మామూలు ఉప్పు వేసినా సరిపోతుంది. అందులో కాళ్లు పావుగంట నాననివ్వండి. కోడి మొదట గింజుకుంటుంది, తర్వాత వెచ్చదనానికి కునికిపాట్లు పడుతుంది. ఆ నీళ్లు తాగకుండా చూడండి, భేది ఉప్పు పేరులోనే ఉంది కదా పారుకునేలా చేస్తుందని. నానాక కాలు తుడిచి, బెటాడిన్ లాంటి పోవిడోన్ అయోడిన్ మందును కాచి చల్లార్చిన నీళ్లలో పలచటి టీ రంగు వచ్చేదాకా కలిపి కడగండి. పక్కు మెత్తబడి అంచులు లేస్తే మరిగించిన పట్టకారుతో మెల్లగా ఎత్తండి. దాంతోపాటు లోపలి గట్టి ముద్ద కూడా వేరులా ఊడి వస్తే సగం పని అయినట్టే, అది తీసి కాల్చేయండి, పెంటకుప్పలో వేయొద్దు. రాకపోతే మాత్రం లాగొద్దు. ఆ పూటకు వదిలేసి మర్నాడు మళ్లీ నానబెట్టండి, మూడు నాలుగు రోజుల్లో చాలావరకు దానంతటదే వదులుతుంది.

బ్లేడుతో కోసే వీడియోలు ఫోనులో చాలా తిరుగుతున్నాయి, మీరు చూసే ఉంటారు. నా మాట వినండి, ఇంట్లో కోయొద్దు. కోడి అరవకుండా ఊరుకుందంటే నొప్పి లేదని కాదు, భయంతో బిగుసుకుపోయిందని. అరికాలిలో వేళ్లను ముడిచే స్నాయువులు చర్మానికి చాలా దగ్గరగా ఉంటాయి, ఒకటి తెగితే కోడి జన్మంతా కర్ర పట్టుకుని కూర్చోలేదు. కోయాల్సి వస్తే మత్తు ఇచ్చి డాక్టరే కోయాలి.

కడిగాక తడి లేకుండా అద్ది, పోవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంట్ పలచగా రాసి, గాజుగుడ్డ నాలుగు మడతలు అరికాలి కింద పెట్టి, పైన సాగే బ్యాండేజీని వేళ్ల మధ్య నుంచి ఎనిమిది అంకెలా తిప్పి చుట్టండి. దూది నేరుగా పెట్టొద్దు, పుండుకు అంటుకుపోతుంది. బిగుతు ఎంతో తెలియకపోతే గంట తర్వాత వేళ్లు ముట్టుకుని చూడండి, చల్లగా ఉన్నా, రంగు మారినా వెంటనే విప్పాలి. ఒక ఊళ్లో కట్టు కట్టి మూడు రోజులు విప్పకుండా ఉంచిన పెట్టను నా దగ్గరికి తెచ్చారు, పుండు మానింది గానీ బిగుతుకు రెండు వేళ్లు నల్లబడి ఎండిపోయాయి. ఎంత బాధేసిందో చెప్పలేను, ఎందుకంటే ఆ ఇంటివాళ్లు ఎంతో ప్రేమతో కట్టిన కట్టు అది. మొదటి నాలుగైదు రోజులు రోజూ, తర్వాత రెండు రోజులకోసారి కట్టు మార్చండి. లేత గులాబీ రంగు చర్మం వచ్చేదాకా, అంటే రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. అన్నాళ్లూ ఆ రెండింటినీ ఎండుగడ్డి పరిచిన విడి గూట్లో, ఎక్కే కర్ర లేకుండా, ఒకదానికొకటి కనబడేలా ఉంచండి, ఒంటరిగా పెడితే మేత మానేస్తాయి.

పుండులో కిరోసిన్, ఫినాయిల్, ఇంజిన్ ఆయిల్, తడి సున్నం పెట్టొద్దు, అవి మంచి కండను కూడా కాలుస్తాయి. పసుపు పైపైన రాస్తే నష్టం లేదు గానీ వంటింటి పొడిని లోతు పుండులో కూరితే గడ్డకట్టి లోపలి చీముకు మూత పడుతుంది. నొప్పికి మనం వాడే డైక్లోఫెనాక్ గోలీ అసలే వద్దు, పక్షుల కిడ్నీలను పాడుచేస్తుంది. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తినడం వల్లే మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, 2006లో పశువులకు వాడకుండా ప్రభుత్వం నిషేధించింది. బెంజోకైన్ లాంటి తిమ్మిరి మందు కలిసిన ఆయింట్‌మెంట్లూ డాక్టరు చెప్పకుండా రాయొద్దు.

అంటుకుంటుందా అని అడిగారు. కొక్కెర తెగులులా గాలికి, నీళ్లకు పాకే జబ్బు కాదిది. కానీ నేల మార్చకపోతే నాలుగోదానికి, ఐదోదానికి కూడా వస్తుంది, వైద్యం చేసిన వాటికే మళ్లీ వస్తుంది. సిమెంటు నేల తప్పని కాదు, ఎలుకలు, పాములు దూరకుండా అది మంచిదే. దాని మీద మూడు అంగుళాల మందాన వరి ఊక పరచాలి. వారానికి రెండుసార్లు గొర్రుతో తిరగేసి, నీళ్ల తొట్టి చుట్టూ తడిసినంత మేర ఎత్తిపోసి కొత్తది వేయాలి. తడి ఊకలో నానిన అరికాలు మన కాళ్లు వరి నాటేటప్పుడు ఒరిసినట్టే ఒరుస్తుంది, వానాకాలంలో ఇది ఇంకా ఎక్కువ. కూర్చునే కర్ర నేల నుంచి అడుగున్నర, మహా అయితే రెండు అడుగుల ఎత్తులో చాలు. రెండు అంగుళాల వెడల్పున్న చెక్క, పై అంచులు చిత్రిక పట్టి గుండ్రంగా చేసినది, బరకలు లేనిది. ఇనుప పైపు వద్దు, జారుతుంది, కోడి వేళ్లు బిగించి పట్టుకుని రాత్రంతా అరికాలి మీద ఒకే చోట ఒత్తిడి పెడుతుంది. పెరట్లో సర్కారు తుమ్మ ముళ్లు, తీగ ముక్కలు, పగిలిన గాజు ఏరించండి. అది పిల్లలకు కూడా మంచిదే కదా.

మేత సంగతి మీరు రాయలేదు. నూకలు, బియ్యం మీదే పెంచుతుంటే విటమిన్ ఎ అందక చర్మం బలహీనపడుతుంది, కోళ్లు కొవ్వు పట్టి బరువెక్కుతాయి కూడా. పసుపు రంగు మొక్కజొన్న, రోజూ గుప్పెడు మునగాకు గానీ తోటకూర గానీ కలపండి, నీటి మీద పెరిగే మేత మొక్క అజొల్లా ఉంటే ఇంకా మంచిది.

గుడ్ల విషయం. గడ్డ ఉన్న కోడి గుడ్డు బాగా ఉడికించి తినొచ్చు, పైన రాసే అయోడిన్ వల్ల ఇబ్బంది లేదు. యాంటీబయాటిక్ తాగిన కోళ్ల గుడ్లు మాత్రం తినొద్దు, అమ్మొద్దు. మీరు అన్నిటికీ కలిపి తాగించారు కాబట్టి పద్నాలుగు పెట్టలకూ ఇది వర్తిస్తుంది. ఆ గోలీ రేకు పారేయకపోతే డాక్టరుకు చూపించి ఎన్ని రోజులు ఆపాలో అడగండి, మందును బట్టి ఆ రోజులు మారుతాయి.

ఇక వాపు కీలు దాకా పాకిన మూడో పెట్ట. దానికి ఇంట్లో ఏమీ చేయకండి. వాపు పైకి ఎక్కిందంటే, మేత మానేసిందంటే చీము స్నాయువుల తొడుగులోకో, ఎముకలోకో దిగి ఉండవచ్చు. దాన్ని తట్టలో గడ్డి వేసి, రేపు పొద్దున్నే మండల పశువైద్యశాలకు తీసుకెళ్లండి, వెళ్లే వీలు లేకపోతే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం ఎప్పుడు వస్తుందో అడగండి. కోడి కోసం పిలిస్తే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు, వాళ్ల పని అదే. ఈ రాత్రికే ట్రాలీని పెరట్లోంచి బయట పెట్టించండి.