సోలార్ పెట్టినోడు దుకాణం ఎత్తేసిండు, ఇగ వారంటీ ఎవరిని అడగాలె?

పొద్దుగాల ఐదున్నరకు ఫోన్ మోగింది. దసరాకని అమెరికా నుంచి హన్మకొండ సుబేదారిల మా ఇంటికొచ్చి నాలుగు రోజులైంది, జెట్‌ల్యాగ్‌కు నిద్ర ఎట్లాగూ లేదు, డాబా మీద చాయ్ పట్టుకొని కూసున్న. అటు దిక్కు టెక్సాస్ ఫ్రిస్కోల మా అక్క కొడుకు, వాళ్ళకు సాయంత్రం ఏడు. "మామా, ఇంటి మీద సోలార్ పెట్టిన కంపెనీకి వారం నుంచి చేస్తున్న, నంబరే పనిచేస్తలేదు, వెబ్‌సైట్ కూడ పోయింది, 25 ఏండ్ల వారంటీ అన్నరు కద, మొత్తం మునిగినట్టేనా?" మొన్న మార్చిల రీసేల్ ఇల్లు కొన్నడు, ప్యానెళ్ళు ఇంటితోనే వచ్చినయి. కరెంట్ బిల్లు పెరిగినంక యాప్ తెరిచి చూస్తే 22 ప్యానెళ్ళల ఏడు నల్లగ ఉన్నయట.

మునగలే అల్లుడా, జర ఆగు అన్న. గిదే సంగతి ఈ రెండేండ్లల పది మందన్న అడిగిండ్రు, అందుకే ఒక్కకాడ రాస్తున్న, అమెరికాల కొత్తగ ఇల్లు కొన్న తమ్ముళ్ళు, చెల్లెండ్లు ఓపికగ చదువుండ్రి.

వారంటీ అని మనం ఒక్క మాట అంటం గాని ఇంటి మీద ఉన్నయి మూడు నాలుగు, ఒక్కోటి ఒక్కో కంపెనీ ఇచ్చింది. హన్మకొండ చౌరస్తాల మిక్సీ కొన్నమనుకోండ్రి, ఏడాదికి దుకాణం ఎత్తేసిండు. మిక్సీ కంపెనీ వారంటీ పోతదా? పోదు. కాని బిల్లు, దుకాణం ముద్ర కొట్టిన కార్డు మన దగ్గర లేకపోతే సర్వీస్ సెంటరోడు మన మొహం కూడ చూడడు. సోలార్ల కూడ అచ్చం గంతే. ప్యానెల్ వారంటీ ప్యానెల్ చేసినోడిది, ఇన్వర్టర్‌ది ఇన్వర్టర్ చేసినోడిది, ఇన్వర్టర్ అంటే ప్యానెల్ కరెంట్‌ను ఇంటికి పనికొచ్చే కరెంట్‌గ మార్చే డబ్బా. ఎన్‌ఫేజ్ ఐక్యూ మైక్రో ఇన్వర్టర్లకు (ఒక్కో ప్యానెల్ కింద ఒక్కో చిన్న ఇన్వర్టర్) అక్కడ 25 ఏండ్లు, సోలార్‌ఎడ్జ్ గోడ ఇన్వర్టర్‌కు మామూలుగ 12 ఏండ్లు, పైసలు కట్టి పెంచుకున్నోళ్ళకు ఇంకా ఎక్కువ, బ్యాటరీలకు చాలావరకు 10. ఇవి ఇన్‌స్టాలర్, అంటే మన ఇంటి మీద బిగించిన కంపెనీ, పోయినా బతికే ఉంటయి. ప్యానెళ్ళకు పర్ఫార్మెన్స్ వారంటీ అని ఇంకోటి ఉంటది, 25 ఏండ్లల కరెంట్ ఇంతకన్న తగ్గదు అని. దాని మీద నాకైతే పెద్ద ఆశ లేదు, ఏటా అర శాతం దాక తగ్గుడు ఎట్లాగూ మామూలే, అంతకు మించి తగ్గిందని రుజువు చేసే తిప్పలు, ఖర్చు మన మీదనే పడతయి.

ఇన్‌స్టాలర్‌తోటి చచ్చిపోయేది వర్క్‌మన్‌షిప్ వారంటీ. అంటే వాడు చేసిన పనికి వాడిచ్చిన మాట. వైరింగ్, బిగింపులు, అన్నిటికన్న ముఖ్యంగ కప్పుకు కొట్టిన బొక్కలు. నా సంగతే చెప్త. 2019ల పెట్టిచ్చిన, మూడేండ్లకు కంపెనీ మాయం. ఆ ఎండాకాలమే బెడ్‌రూం క్లోజెట్ల సీలింగ్ మీద చాయ్ మరకంత పసుపు మచ్చ లేచింది, రెండు వానలకు పళ్ళెమంత అయింది. రూఫర్‌ను (కప్పు పని చేసేటోన్ని) పిలిస్తే ప్యానెళ్ళు తీస్తే తప్ప ఎక్కనన్నడు, సోలార్ వాళ్ళను పిలిస్తే కప్పు మాది కాదన్నరు, ఇంకొకలు మేం పెట్టని సిస్టమ్ మేం ముట్టమన్నరు. ఇద్దరి నడుమ నేను నెల రోజులు తిరిగిన. ఆఖరికి ఒక సర్వీస్ కంపెనీ నాలుగు ప్యానెళ్ళు దించి, రూఫర్ వచ్చి ఒక్క బోల్టు చుట్టు సీల్ చేసి, మళ్ళ ఎక్కిచ్చేసరికి 900 డాలర్లు నా జేబుల నుంచే పోయినయి. అందుకే ఇన్‌స్టాలర్ మూసేసిండని తెల్వంగనే మొదలు అటిక్ల (కప్పు కింది ఖాళీ జాగల) టార్చ్ పట్టుకొని ఎక్కుండ్రి, బోల్టులు దిగినకాడ కట్టె నల్లబడ్డదా చూడుండ్రి. యాప్ తర్వాత చూడొచ్చు.

పార్ట్ ఫ్రీ అంటే అంతా ఫ్రీ అనుకోకుండ్రి. తయారీ కంపెనీ చాలావరకు వస్తువే పంపిస్తది, కప్పెక్కి మార్చే మనిషి కూలీ మనమే పెట్టుకోవాలె, కొందరు మొదటి కొన్నేండ్లకు కూలీ కూడ ఇస్తరు, ఆ లైన్ కోసం వారంటీ కాగితం సాంతం చదువుండ్రి. అండ్ల ఇంకా చిన్న మెలికలు ఉంటయి, బ్యాటరీకి ఇంటర్నెట్ ఎప్పటికీ కనెక్ట్ అయి ఉండాలె అని, ఇల్లు చేతులు మారితే ఇన్ని రోజులల్ల చెప్పాలె అని. వడగండ్లకు పగిలితే మాత్రం అది వారంటీ కాదు, హోం ఇన్సూరెన్స్. టెక్సాస్ల ఉన్నోళ్ళకు ఇది చెప్పే పనే లేదు, డిడక్టబుల్ (ముందుగాల మన జేబుల నుంచి పెట్టుకునే వాటా) ఎంతో చూసుకోండ్రి, అంతే.

ఇప్పుడు కాగితాలు. ఇన్‌స్టాలర్ ఆఫీసు లేకపోయినా మీ సిటీ పర్మిట్ ఆఫీసు ఉంటది, ప్లాన్ సెట్ వాళ్ళ దగ్గర ఉంటది, అండ్ల ఏ ప్యానెల్, ఏ ఇన్వర్టర్, ఎన్ని, ఏ తీగ ఎక్కడికి పోయింది అన్ని గీసి ఉంటయి. సిస్టమ్ చాలు చేసుకోవచ్చని కరెంట్ కంపెనీ ఇచ్చిన పర్మిషన్ టు ఆపరేట్ లెటర్ తీసుకోండ్రి, వారంటీ ఏ తారీఖు నుంచి మొదలైందో చెప్పెటందుకు అది పనికొస్తది. ఇగ సీరియల్ నంబర్లు. మైక్రో ఇన్వర్టర్లకు ఇన్‌స్టాలర్లు ఒక షీట్ మీద కప్పు బొమ్మ గీసి, గళ్ళల్ల చిన్న చిన్న బార్‌కోడ్ స్టిక్కర్లు అంటిస్తరు. ఆ షీట్ బంగారం. ఇల్లు అమ్మినాయన కిచెన్ డ్రాయర్ల వదిలిపోయిండేమో వెతుకుండ్రి, నవ్వులాటకు కాదు, మావోడికి గ్యారేజ్ల మెయిన్ ప్యానెల్ తలుపు లోపట దొరికింది.

యాప్ సంగతి చాలా మంది మర్చిపోతరు. మీ లాగిన్ ఉంటది గాని ఓనర్ పేరు పాతాయనది, ఇన్‌స్టాలర్ అకౌంట్ చచ్చిపోయిన కంపెనీది. తయారీ కంపెనీకి నేరుగ ఫోన్ చేసి, ఇంటి డీడ్ పంపి, మీ పేరు మీద మార్పిచ్చుకోండ్రి, కొత్త సర్వీసోడు దొరికితే అతన్ని అండ్ల చేర్పిచ్చుకోండ్రి. అట్ల కాకపోతే వారంటీ కేసు తెరిచే ముంగట వాళ్ళు దూరం నుంచి చూడలేరు. పాత సిస్టమ్ అయితే ఇంకో తిరకాసు, అండ్ల 3జీ మోడెం ఉంటది, అమెరికాల 2022ల 3జీ బంద్ అయింది, ప్యానెళ్ళు మంచిగనే పనిచేస్తుంటయి, యాప్ మాత్రం సున్నా చూపెడతది.

లోన్ మాటకొస్తే, కంపెనీ మూతపడ్డదని కిస్తీ ఆపిన తమ్ముడొకడు కాజీపేటోడు ఉన్నడు, వాని క్రెడిట్ స్కోర్ ఎట్ల పడ్డదో నాకు తెల్సు. లోన్ ఇచ్చింది వేరే కంపెనీ, అది బతికే ఉంది. కాని మీ లోన్ కాగితంల "హోల్డర్" నోటీస్ ఉందేమో చూడుండ్రి, అమెరికా వ్యాపార నిఘా సంస్థ ఎఫ్‌టీసీ రూల్ అది, అమ్మినోని మీద మీకున్న హక్కు లోన్ పట్టుకున్నోని మీద కూడ చెల్లుతది, మీరు కట్టిన సొమ్ము వరకు. కంపెనీ సిస్టమ్ సగంల వదిలేసి పోయినా, అసలు స్విచ్చే వెయ్యకపోయినా మీకు ఇది పెద్ద ఆయుధం. కిస్తీ కట్టుకుంటనే రాతపూర్వకంగ వాళ్ళకు రాయుండ్రి, జవాబు రాకపోతే అప్పుల మీద ఫిర్యాదులు తీసుకునే సర్కారు ఆఫీసు సీఎఫ్‌పీబీకి. లీజు అయితే లెక్క తిరగబడతది, ప్యానెళ్ళు మీవి కావు, రిపేరు చేసుడు వాళ్ళ పని, కంపెనీ కొన్నోడెవడో వాని మీదికి ఆ బాధ్యత పోతది.

కోర్టుల దివాలా పెట్టిందా, ఊకె బోర్డు తిప్పేసిందా అనేది కూడ కనుక్కోండ్రి. సన్‌పవర్ 2024 ఆగస్టుల దివాలా పిటిషన్ వేసింది, సన్నోవా 2025 జూన్ల. కోర్టుకు పోయిన కంపెనీ అయితే గడువు లోపట క్లెయిం ఫారం నింపుండ్రి, ఫీజు లేదు. వస్తయా అంటే, బ్యాంకులు తిన్నంక మిగిలే మెతుకులే మనకు. పేరు చూసి కూడ మోసపోకుండ్రి, సన్‌పవర్ బోర్డుతో వచ్చిన ప్యానెళ్ళు చాలా మటుకు చేసిన మాక్సియాన్ 2020లనే వేరు కంపెనీ అయింది, కాబట్టి కాగితం కింద ఎవడు సంతకం పెట్టిండో వాణ్నే అడగాలె. కాలిఫోర్నియాల కాంట్రాక్టర్ లైసెన్స్‌కు 25,000 డాలర్ల బాండ్ (పూచీ సొమ్ము) ఉంటది, దాని మీద కూడ క్లెయిం వెయ్యొచ్చు. ఇంకోటి, కంపెనీ మునిగిన నెలకే "మీ వారంటీ మేమే తీసుకున్నం, ఫ్రీగ చెక్ చేస్తం" అని ఫోన్లు మొదలైతయి. వచ్చేది బ్యాటరీ అమ్మెటందుకు.

మళ్ళ మావోని కాడికి. ఏడు ఇన్వర్టర్లు ఒక్కరోజు చావవు అల్లుడా, అవన్ని ఒక్క వరుసల ఉన్నయా అంటే ఉన్నయన్నడు. గోడకున్న సోలార్ డబ్బాల బ్రేకర్ చూడమన్న, ఒకటి సగంల పడి ఉంది. ఒక్కసారి వెయ్యి, మళ్ళ పడితే ముట్టకు, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలువు అన్న. అక్కడ అప్పుడే పొద్దు గూకుతుంది, తెల్లారేదాక తెల్వది.

ఇటు మా ఇంటికి తొమ్మిదింటికి సోలార్ బిగించే వెండర్ పిల్లలు వచ్చిండ్రు. బాపు పీఎం సూర్యఘర్ పథకంల పెట్టుకున్నడు, 3 కిలోవాట్లు, 78,000 సబ్సిడీ, నెట్ మీటర్‌కు నక్కలగుట్ట ఎన్‌పీడీసీఎల్ కరెంట్ ఆఫీసు చుట్టు రెండుసార్లు తిరిగిండట. ప్యానెల్ లేబుల్ వెనక దిక్కుంటది, ఒక్కసారి బిగిస్తే పిల్లిలెక్క పాకితే తప్ప కనపడది, అందుకని ఒక్కొక్కటి లేపినప్పుడల్లా ఆపి ఫోటో తీస్తున్న. నాలుగోదానికి ఫోన్‌ల మావోని మెసేజ్ వచ్చిందేమో అని చూసుకున్న, అక్కడింకా అర్ధరాత్రే. బాపు కుర్చీల కూసొని అంత సేపు చూసి అన్నడు: "ఓరి, గాయనకు ఇంక పైసలే ఇయ్యలే, అప్పుడే దుకాణం మూయిస్తున్నవ్."