వాచ్ అంటే ఏంది, వార్నింగ్ అంటే ఏంది?

ప్రశ్న: మా బాబు ఆగస్టులో డెట్రాయిట్ పోయినాడు, ఎమ్మెస్ చేస్తండాడు. మొన్న సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. నా ఫోన్లో వాళ్ళ ఊరి వెదర్ పెట్టుకోనుండా, రెండ్రోజులుగా వింటర్ స్టార్మ్ వాచ్ అని వస్తంది. వాణ్ణడిగితే ఏం కాదులేమ్మా అంటాడు. మంచులో కారు తోలడం వాడికేం తెలుసు? ఏం చెప్పేది నేను?
- ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, వాచ్ అంటే మంచు తుపాను వచ్చేదానికి అవకాశం ఉంది, రెడీగా ఉండండి అని. అదే వార్నింగ్ అని మారిందంటే వచ్చేసినట్టే, లేదా రేపో మాపో ఖాయం. మన కృష్ణపట్నం పోర్టులో హెచ్చరిక నంబరు పెంచుకుంటా పోతారే, అట్టా అనుకోండి.

ఎన్ని ఇంచీలు పడద్ది అనేదానికన్నా టెంపరేచర్ చూసుకోమనండి. వాళ్ళ లెక్కలో 32 అంటే మన సున్నా డిగ్రీలు. పగలు కాస్త కరిగిన మంచు రాత్రికి మళ్ళీ గడ్డకట్టి రోడ్డు మీద అద్దం లాంటి పొర అయిపోద్ది, దాన్ని బ్లాక్ ఐస్ అంటారు, పేరుకే బ్లాక్, కింద తారు కనపడతా ఉంటది కాబట్టి రోడ్డు తడిసిందిలే అనుకోని పోతారు, నా భయమంతా దీంతోనే. బ్రిడ్జీల మీద ఇది ముందు కడతది, ఎందుకంటే పైనా కిందా చల్లగాలే, నేల వేడి తగలదు.

కారు జారితే కంగారుపడి స్టీరింగ్ గబుక్కున తిప్పకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, ఎటు పోవాలో అటు చూస్తా మెల్లగా తిప్పాలి. ఆపాల్సొస్తే ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారుకి బ్రేకు గట్టిగా తొక్కి అట్టే పట్టుకోవాలి, పెడల్ కాలి కింద గడగడలాడద్ది, భయపడి వదలకూడదు. ముందు బండికి ఎనిమిది పది సెకన్ల దూరం ఉంచమనండి, క్రూజ్ కంట్రోల్, అంటే కాలు పెట్టకుండానే కారు ఒకే స్పీడులో పోయే ఏర్పాటు, అసలొద్దు. టైర్ల సంగతి కూడా అడగండి, మన లెక్కలో 7 డిగ్రీల కంటే కిందికి పోతే మామూలు టైరు రబ్బరు బిరుసెక్కి పట్టు తగ్గుద్ది, అందుకే వింటర్ టైర్లని వేరే ఉంటాయి, ఖర్చయినా వేయించుకోమనండి.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. కారు మంచులో ఇరుక్కుంటే హీటర్ కోసం ఇంజన్ ఆన్లో పెట్టేముందు వెనక సైలెన్సర్ గొట్టానికి అడ్డంపడ్డ మంచు తీసేయాలి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తది, దానికి వాసనుండదు, ప్రాణం మీదికొస్తది. డిక్కీలో ఒక దుప్పటి, చిన్న పార, నీళ్ళు పెట్టుకోమనండి, పెట్రోలు సగానికి తగ్గనీకుండా చూసుకోమనండి.

వార్నింగ్ ఉన్న రోజు మాత్రం కారు తీయొద్దని గట్టిగా చెప్పండి. మీరు ఫోన్ చేసినప్పుడు వాడు డ్రైవింగ్లో ఉంటే వెంటనే పెట్టేయండమ్మా, రూముకి పోయినాక మాట్లాడుకోవచ్చు.